తేనెటీగల వియ్యం

అక్టోబరు 14

ఈ పుస్తకంలో తేనెటీగల సంగతి తప్ప ఇంకేమీ రాయను. నాన్న అలాగే రాసేవాడు. అమ్మతో పోట్లాడి తిండి మానేసిన రోజున కూడా "మూడో పెట్టె బరువుగా ఉంది" అని రాసి ఊరుకునేవాడు.

నా పెట్టెలు ఐదూ చలికాలానికి సిద్ధం. లోపల సరిపడా తేనె వదిలాను. ద్వారాలు ఎలుక దూరనంత ఇరుకు చేశాను. కప్పుల కింద ఎండు నాచు కూరిన దిండ్లు పెట్టాను. రెండో పెట్టె ఎప్పటిలాగే కోపిష్టిది, చెయ్యి పెట్టనివ్వలేదు.

ఆరో పెట్టె సంగతి వేరు. అది నాది కాదు, అలాగని నాది కాకుండానూ పోదు. కంచె అవతల క్లెమెన్సాస్ పెరట్లో ఉంది. జూన్‌లో నా మూడో పెట్టెలోంచి గుంపు లేచి, ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా, వెతికి వెతికి అతని బోర్లించిన పడవ కింద వాలింది. క్లైపెదా ఓడరేవులో ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. సముద్రం ఇక్కడికి రాదని తెలిసీ పడవ వెంట తెచ్చుకున్నాడు. నేను చీపురూ ఖాళీ పెట్టే పట్టుకుని వెళ్తే పర్సు తీసి "ఎంతిమ్మంటారు?" అన్నాడు. చీపురు తిరగేసేదాన్నే.

తేనెటీగల్ని ఎవరైనా అమ్ముతారా, కొంటారా? పంచుకుంటారు. పంచుకున్నవాళ్ళు చుట్టాలు. గుంపు ఎవరింట వాలితే వాళ్ళతో వియ్యం, ఆ ఈగలు బతికున్నంత కాలం. పండక్కి పిలవాలి, జబ్బు చేస్తే చూడాలి, అబద్ధం చెప్పకూడదు. మా ఈ జెమైతియా సీమలో పుట్టినవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఓడరేవు మనిషికి చెప్పాల్సొచ్చింది. అంతా విని "అయితే మిమ్మల్ని ఏమని పిలవాలి?" అన్నాడు. "పిలవకపోతే మంచిది" అన్నాను.

నా లిండెన్ చెట్టు కొమ్మ అడక్కుండా నరికిన మనిషి. ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఇప్పుడు వియ్యంకుడు.

అక్టోబరు 29

ఈగల కోసం కంచె అవతలికి వెళ్ళాను. పెట్టెకి కోటు తొడిగి ఉంది. నావికుల కోటు, ఇత్తడి గుండీలన్నీ పెట్టి. పైన ఉన్ని టోపీ.

"ఇదేమిటండీ?"

"చలికి, వియ్యపురాలు గారూ."

"మీకు చలేస్తే మీరేసుకోండి. దానికెందుకు?"

"సున్నాకి ఇరవై కిందికి దిగుతుందట ఇక్కడ. చస్తాయేమోనని."

"చచ్చేవి కోళ్ళు. ఈగలు పోతాయి, మనుషుల్లాగే. అయినా ఒట్టి చలికి పోవు. రాణిని మధ్యలో పెట్టుకుని, అన్నీ ముద్దగా చుట్టుకుని, ఒళ్ళు వణికించి వేడి పుట్టించుకుంటాయి. వాటికి పడనిది చెమ్మ. ఈ కోట్లో ఉక్కపోసి పెట్టె గోడల వెంట నీళ్ళు కారతాయి. విప్పండి."

"టోపీ?"

"టోపీ కూడా."

టోపీ తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. పెద్ద చెవులు. ఇది ఈగల సంగతి కాదు, కొట్టెయ్యాలి.

నవంబరు 2

కొట్టెయ్యలేదు. పెన్ను దొరకలేదు.

ఇవాళ పోయినవాళ్ళ రోజు. కొవ్వొత్తులు తీసుకుని సమాధుల దగ్గరికి వెళ్తే, మా ఆయన వింత్సాస్ దగ్గర అప్పటికే ఒకటి వెలుగుతోంది. పక్కన క్లెమెన్సాస్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"మా పిన్నికని రెండు తెచ్చాను. ఒకటి మిగిలింది. చుట్టరికం కదా" అన్నాడు.

వింత్సాస్ ఉంటే నవ్వేవాడు. ఆ కొమ్మ నరికిన రోజున నేను ఊరెత్తుకుపోయేలా అరుస్తుంటే కూడా నవ్వాడు.

నవంబరు 9

ఇవాళ రొట్టె కోసం వెళ్తే దుకాణంలో బార్బొరా తక్కెడ పక్కకి తోసి మరీ మొదలెట్టింది.

"దొమిత్సేలె అక్కా, మీ వియ్యంకుడు ఇల్లమ్మేస్తున్నాడటగా?"

"ఎవరన్నారు?"

"వాళ్ళ చెల్లెలు తెక్లె. ఫోన్లో చెప్పింది. ఎవరో కొంటామని వచ్చారట. ఈస్టర్‌లోగా తేల్చమంటోంది. తన ఫ్లాట్‌లో ఓ గది ఖాళీగా ఉందట, కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయట."

"కనిపించనీ."

"నీకు చెప్పలేదా? చుట్టాలన్నారు మరి!"

"నాకెందుకు చెప్పాలి?"

"ఏమో. రొట్టె వదిలేసి వెళ్తున్నావు, ఇదిగో."

నేరుగా అతని ఇంటికి వెళ్ళాను, పెట్టె చూడ్డానికి. అడక్కముందే చెప్పాడు. "నిజమే. తెక్లె రోజూ ఫోన్ చేస్తోంది. నేను రేపు కన్నుమూస్తే ఇక్కడ చూసేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి? నా కింద బతికే ప్రాణులంటూ ఉంటే ఈ పెట్టెలోవే. ఇవి చలికాలం దాటితే ఉండిపోతానని చెప్పేశాను. దాటకపోతే తన దగ్గరికి పోతాను."

పోతే పోనీ. చెట్ల మీద రంపం పెట్టేవాడు ఉండడు. వియ్యం తెగుతుంది, పీడా వదులుతుంది.

అతని పెట్టెలో నాచు దిండు పలచగా ఉంది. రేపు ఇంకోటి కుట్టాలి.

నవంబరు 10

రెండు కుట్టాను.

డిసెంబరు 7

సెయింట్ ఆంబ్రోజ్ పండగ, మా ఈగలవాళ్ళ పండగ. క్లెమెన్సాస్‌కి వినడం నేర్పాను.

"వేలి కణుపుతో ఒక్కసారే తట్టాలి. తట్టి, ఈ రబ్బరు గొట్టం ద్వారం దగ్గర పెట్టి రెండో కొస చెవిలో పెట్టుకోవాలి. ఝుమ్మని లేచి వెంటనే అణిగితే బాగున్నట్టు. ఏడుపులా సాగితే రాణి లేనట్టు."

"ఏమీ వినిపించకపోతే?"

"వినిపిస్తుంది."

తట్టాడు. విన్నాడు. "ఇంజనే! నిలబడ్డ ఓడలో ఇంజన్ ఇలాగే తిరుగుతుంది!" అని ఎగిరి గంతేసినంత పనిచేశాడు. మోకాళ్ళ నొప్పులవాడు.

"రోజూ తట్టకండి. నిద్రపోయేవాళ్ళని లేపి బాగా పడుకున్నావా అని అడిగినట్టుంటుంది."

"అయితే మీరే వచ్చి తట్టండి. మీ చెయ్యి తేలిక."

వారానికోసారి చాలు. వారానికోసారే వెళ్తాను.

డిసెంబరు 9

వెళ్ళాను. తట్టలేదు. ద్వారానికి మంచు అడ్డం పడిందేమో చూద్దామని. పడలేదు. టీ తాగి వచ్చాను.

డిసెంబరు 10

మంచు.

డిసెంబరు 11

నేను వెళ్ళలేదు. అతనే వచ్చాడు, మంచు అడ్డం పడలేదని చెప్పడానికి.

డిసెంబరు 25

నిన్న పండగ ముందురోజు భోజనానికి అతన్ని పిలిచాను. పిలవకపోతే ఊరేమనుకుంటుంది? ఆనవాయితీ ప్రకారం పన్నెండు రకాలూ చేశాను, మాంసం లేకుండా. గసగసాల పాలు మూడు గిన్నెలు తాగాడు. ఆ రాత్రి పశువులూ ఈగలూ మనిషి భాష మాట్లాడతాయి, వినకూడదు అంటారు. ఇవాళ పొద్దున చర్చి దగ్గర నా పక్కకి చేరి మెల్లిగా అన్నాడు.

"నేను విన్నాను."

"ఏమన్నాయి?"

"దొమిత్సేలె చేపలో ఉప్పెక్కువైందన్నాయి."

"నా ఈగలైతే ఆ మాటనవు."

"సగం నావి కదా. నా సగం అంది."

ఉప్పు నిజంగానే ఎక్కువైంది. అయినా అతను రెండోసారి వడ్డించుకున్నాడు, నేను చూడలేదనుకున్నాడు.

జనవరి 8

పిట్టలు మొదలెట్టాయి. ద్వారం మీద ముక్కుతో టకటకా తడతాయి. లోపల్నుంచి ఓ అమాయకురాలు ఎవరా అని చూడ్డానికి వస్తుంది. గుటుక్కు. ఓ కొమ్మకి పందికొవ్వు ముక్క కడితే అవి ఈగల జోలికి రావు. క్లెమెన్సాస్‌కి అదే చెప్పాను. అగ్గిపెట్టెంత చాలన్నాను. అతను కొమ్మకి పలకంత పెద్ద దిమ్మ వేలాడదీశాడు. ఊళ్ళో పిల్లులన్నీ వచ్చి అతని పెరట్లో కాపురం పెట్టాయి. పిల్లులకి జడిసి పిట్టలు రావడం మానేశాయి.

"పని జరిగింది కదా" అంటాడు.

"ఓడ మునిగితే, స్నానం చేసే పని తప్పిందని సంతోషించే రకం మీరు" అన్నాను.

ఆ మాటకి చాలాసేపు నవ్వాడు. అంత నవ్వాల్సిన మాట కాదది. ఇంటికొచ్చాక నాకూ నవ్వొచ్చింది.

జనవరి 30

చలి బిగిసింది. సున్నాకి ఇరవై ఆరు కింద. బావి గిలక తిరగడం లేదు. నా పెట్టెలు ఐదూ మంచులో మునిగాయి, మంచిదే, మంచు కప్పుకుంటే గాలి కొట్టదు.

క్లెమెన్సాస్ రోజూ పొద్దున్నే తన గేటు నుంచి నా గేటు దాకా రోడ్డు వెంట పార పట్టుకుని దారి తీస్తున్నాడు. చుట్టూ తిరిగి రావాలి కదా.

"కంచెలో ఓ తలుపు పెట్టుకుంటే ఈ తిప్పలుండవు" అన్నాడు.

"కంచె వేసిందే తలుపు లేకుండా ఉండటానికి" అన్నాను.

ఫిబ్రవరి 5, ఆదివారం

బాగున్నాయి.

ఫిబ్రవరి 6

బాగున్నాయి. ఎందుకు బాగుండవు?

క్లెమెన్సాస్ కంచె వారన, నా లిండెన్ వైపు, గునపంతో నేల పొడుస్తున్నాడు. నేల రాయిలా ఉంది, గునపం ఎగిరెగిరి పడుతోంది. "ఈ చలిలో ఏం నాటుతున్నారు?" అని కంచె మీంచి అరిచాను. తలెత్తకుండా "పైపు" అన్నాడు. పైపు అటువైపు లేదు. ఓడరేవు మనిషి, నేలలో ఏదెక్కడుందో ఏం తెలుసు.

ఫిబ్రవరి 8

సరే, రాస్తాను. ఏమీ వినిపించలేదు.

ఆదివారం తట్టాను, గొట్టం పెట్టాను. మళ్ళీ తట్టాను. ఖాళీ గిన్నెని తట్టినట్టుంది. అంతలో అతను వంటింటి కిటికీ తీసి "ఏమంటున్నాయి?" అని అడిగాడు. నా నోట్లోంచి "పాడుతున్నాయి" అని వచ్చింది. వియ్యంకుడికి అబద్ధం చెప్పకూడదు. చెప్పాను. టీ ఇచ్చాడు. తాగాను.

ఈ సంగతి తెలిస్తే తెక్లెకి ఫోన్ చేస్తాడు. ఈస్టర్‌కల్లా ఆ ఇంట్లో ఎవరో ఉంటారు. అతను పోవడం నాకిష్టం లేదు. ఆ చెవులూ, ఆ టోపీ, ఆ పనికిరాని పడవ, అన్నీ ఇక్కడే ఉండాలి.

ఫిబ్రవరి 9

నిన్న రాసింది చలికి రాసింది. వేళ్ళు కొంకర్లు పోతే మనిషి ఏదో ఒకటి రాస్తుంది.

ఫిబ్రవరి 12

ఈగల కోసం వెళ్ళాను. లేని ఈగల కోసం. ముందు నేను విన్నాను, తర్వాత అతను. కళ్ళు మూసుకుని, తల ఊపుతూ చాలాసేపు విన్నాడు.

"ఎలా ఉన్నాయి?" అన్నాను.

"ఇవాళ కాస్త గొంతు బొంగురుగా ఉంది. కానీ పాట పాటే."

పాపం, ఇంజన్ల మోతలో బతికి బతికి చెవులు పోయాయి. అంతంత చెవులుండి ఏం లాభం. ఒక విధంగా నా అదృష్టం.

"మీకెలా వినిపించింది?" అని అడిగాడు.

"నాకు బొంగురు అనిపించలేదు. స్వచ్ఛంగా ఉంది."

"మీకు అనుభవం ఎక్కువ" అన్నాడు.

ఇలా ఎన్నాళ్ళు? మార్చిలో ఎండ కాసిన మొదటి రోజున ఊళ్ళో పెట్టెలన్నిట్లోంచీ ఈగలు బయటికొస్తాయి. నెలల తరబడి బిగబట్టుకున్నవి, పెట్టెలో మలినం చేయవు, ఆ రోజు ఒక్కసారిగా ఎగిరి పని ముగించుకుంటాయి. ఆ రోజున ఈ పెట్టె నోరు మూసుకుని ఉంటే చెవిటివాడు కూడా చూస్తాడు.

ఫిబ్రవరి 17

చలి విరిగింది. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

నా మూడో పెట్టెని తట్టాను. ఝుమ్మంది, వెంటనే అణిగింది. ఐదింట్లోకీ బలమైనది అదే. అతని దగ్గరికి వెళ్ళిన గుంపు దీంట్లోంచి లేచిందే. అంటే అది పుట్టిల్లు. ఇన్నాళ్ళు కదలకుండా కూచున్నాయి కాబట్టి పాత చోటు మర్చిపోయి ఉంటాయి. మొదటిసారి ఎక్కడ కళ్ళు తెరిస్తే అదే ఇల్లనుకుంటాయి. చట్రాలన్నీ ఒకే కొలత, అతనికా పెట్టె ఇచ్చింది నేనే. అతను దానికి నీలం రంగు వేసి ముందు లంగరు బొమ్మ గీసుకున్నాడు, అంతే తేడా.

చలికాలంలో పెట్టె తెరవడం తప్పు. ఇంకొకరు చేస్తే చెవులు పిండేదాన్ని. ఆ ముద్ద విడిపోయినా, రాణికి దెబ్బ తగిలినా, ఉన్నదీ పోతుంది. ఆలోచించాలి.

ఫిబ్రవరి 18

ఆలోచించాను. మంగళవారం ఉజ్గవేనెస్, ముసుగుల పండగ. అతను ఇంట్లో ఉండడు.

ఫిబ్రవరి 21

నడుం విరిగింది, ముక్కు మండుతోంది, అయినా రాయకుండా పడుకోలేను.

పొద్దున్నుంచే ఊరంతా ముసుగులు వేసుకుని చలికాలాన్ని తరమడానికి వీధిన పడ్డారు. దయ్యాలూ, కొంగలూ, బిచ్చగాళ్ళూ. క్లెమెన్సాస్‌ని బార్బొరా ఈగల బండి ఎక్కించింది. కోట్ల మీద తెల్ల చొక్కాలు తొడుక్కున్న మగాళ్ళు గుర్రపుబండిలో కూచుని ఝుమ్మని రాగం తీస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇల్లాళ్ళు గరిటెలతో వాళ్ళ మీద నీళ్ళు చల్లుతారు, ఆ ఏడు ఈగలు బాగా పెరుగుతాయని. "ఊళ్ళో కొత్త ఈగలవాడివి, నువ్వెక్కకపోతే ఎలా?" అంటే ఎక్కాడు.

వాళ్ళ రాగం మలుపు తిరిగి దూరమయ్యాక మేక ముసుగు తగిలించుకున్నాను. మూడో పెట్టె ద్వారం గుడ్డతో బిగించి, మంచుబండి మీదికి మెల్లిగా జరిపి, దుప్పటి కప్పి, తాడు భుజానికేసుకున్నాను. కంచె అవతలికి పోవడానికి రోడ్డు మీద చుట్టూ తిరగాల్సిందే. తలుపుంటే పది అంగల్లో అయ్యేది. ఈ మాట అతనికి ఎప్పటికీ చెప్పను.

దుకాణం ముందుకు రాగానే బార్బొరా బయటికొచ్చింది, చేతిలో బకెట్టు.

"అరెరె, ఇంకో ఈగల బండి! ఒంటరి మేక లాగుతోందే! ఉండు మేకమ్మా, నీకూ నీళ్ళు చల్లుతా!"

నోరు తెరిస్తే గొంతు గుర్తుపడుతుంది. తల అడ్డంగా ఊపాను. "మే" అన్నాను. ఇంకోసారి గట్టిగా "మే!" అన్నాను. ఎంత వద్దని మొత్తుకుంటే అంత బాగా ఆడుతున్నాననుకుంది. గరిటె కాదు, బకెట్టు బకెట్టూ దుప్పటి మీద కుమ్మరించింది. లోపల్నుంచి ఝుమ్మని పెద్ద మోత.

"అబ్బ! ఎవరో లోపల దూరి కూడా ఉన్నారే! ఎవర్రా అది, బాగా చేస్తున్నావు!" అని చప్పట్లు కొట్టింది.

మోకాళ్ళ మీద కూచుని గౌనుతో పెట్టె తుడుస్తున్నాను, చెమ్మ, చెమ్మ అని ఏడుపొస్తోంది. అప్పుడే అసలు బండి వెనక్కి తిరిగి వచ్చింది. ముందు వరసలో క్లెమెన్సాస్, చొక్కా తడిసి ఒంటికంటుకుని, చెవులు బయటపెట్టి, అందరికంటే గట్టిగా ఝుమ్మంటున్నాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆపాడు. దుప్పటి కింద మోత ఇంకా ఆగలేదు. మనుషులు చేసే మోతకీ దానికీ తేడా ఎవరికైనా తెలుస్తుంది, చెవులు పోయినవాడికి తప్ప.

"ఎక్కడికి మేకమ్మా?" అన్నాడు.

"మే" అన్నాను.

నా బూట్ల వైపు చూశాడు. తర్వాత బండివాడి వీపు తట్టి "ఇంకో చుట్టు తిప్పవోయ్! చెరువు అవతలి ఇళ్ళు కూడా! చీకటి పడేదాకా తిప్పు!" అన్నాడు. తాగి ఉంటాడు.

నీలం పెట్టె అతని పెరటి కొట్టంలోకి మోసి, గాలి తగలని చోట తెరిచాను. చచ్చినవి ఊడ్చాలని చీపురు పట్టుకెళ్ళాను. ఊడ్చడానికేమీ లేదు. అడుగు చెక్క గీకినట్టు శుభ్రంగా ఉంది, ఒక్క రెక్క కూడా లేదు. నాకేమీ అర్థం కాలేదు, ఆలోచించే తీరికా లేదు. నా చట్రాలు ఒక్కొక్కటే ఎత్తి, ముద్ద చెదరకుండా, దాంట్లోకి దించాను. తేనె నిండిన చట్రాలు రెండు పక్కలా ఆనించాను. "ఇది మీ ఇంటి నుంచి వచ్చినవాళ్ళు ఉన్న ఇల్లు, కాస్త సర్దుకోండి" అన్నాను. ఒకతె సర్దుకోలేదు, ముసుగు సందులోంచి దూరి ముక్కు మీద కుట్టింది. ఎండు దిండ్లు కప్పి, మూత పెట్టి, లంగరు బొమ్మ ముందుకుండేలా పడవ పక్కన నిలబెట్టి వచ్చేశాను. ఖాళీ పెట్టె నా పెరట్లో పాత చోటనే పెట్టాను.

బతుకుతాయో లేదో తెలియదు. ఇంతకంటే చేయగలిగింది లేదు.

ఫిబ్రవరి 22

బూడిద బుధవారం. చర్చిలో నుదుట బూడిద పెట్టించుకుని తిరిగితే ఎదురుగా క్లెమెన్సాస్. నా ముక్కు ఉడికిన బంగాళదుంపలా ఉంది.

"ముక్కుకేమైంది?"

"పన్ను నొప్పి."

"ముక్కులో?"

"పాకింది."

 మధ్యాహ్నం వెళ్ళాను. అతను తట్టి, గొట్టం చెవిలో పెట్టుకుని చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు, గొంతు బొంగురనో, ఇంజన్ అనో. ఇవాళ గొట్టం నా చేతికిచ్చి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. టీ కూడా ఇవ్వలేదు.

నేను విన్నాను. పాడుతున్నాయి.

మార్చి 4

మళ్ళీ చలి. వెళ్ళాను. ఈగల కోసమే.

మార్చి 11

ఇంకా బయటికి రాలేదు. తెక్లె మళ్ళీ ఫోన్ చేసిందట, తేల్చి చెప్పమంటోందట. "ఎండ రానివ్వమని చెప్పాను" అన్నాడు. నాకు రాత్రిళ్ళు బార్బొరా బకెట్టు కలలోకొస్తోంది.

మార్చి 17, శనివారం

తెల్లవారేసరికి ఎండ. చూర్ల నుంచి ధారలు. పది దాటాక నా పెరట్లో రెండో పెట్టె మొదట లేచింది, కోపిష్టిది కదా, తర్వాత తక్కినవి. నాలుగు పెట్టెల మీద బంగారు పొగ లేచినట్టుంది. నేను అటు చూడలేదు. రోడ్డు మీద చుట్టూ పరిగెత్తాను, ఈ వయసులో.

క్లెమెన్సాస్ పెరట్లో తాడు మీద పక్కదుప్పట్లు ఆరేసి ఉన్నాయి. తెల్లవి. ఈ రోజున ఊళ్ళో బుద్ధున్నవాళ్ళెవరూ బట్టలు ఆరెయ్యరు. దుప్పట్ల నిండా పసుపుపచ్చ చుక్కలు, నెలల తరబడి బిగబట్టుకున్నవన్నీ. నీలం పెట్టె ముందు ఈగలు లంగరు బొమ్మ వైపు ముఖం తిప్పి గాల్లో ఊగుతూ ఇల్లు గుర్తుపెట్టుకుంటున్నాయి. క్లెమెన్సాస్ బోర్లించిన పడవ మీద కూచుని ఉన్నాడు. టోపీ మీద కూడా రెండు చుక్కలు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

"దాటాయి" అన్నాను. ఊపిరందడం లేదు.

"నీవి దాటాయి" అన్నాడు. "నావి ఫిబ్రవరిలోనే పోయాయి, దొమిత్సేలె."

నేను పడవ మీద అతని పక్కన కూచున్నాను.

"నువ్వు పాడుతున్నాయన్న రోజుకి రెండు రోజుల ముందే నేను విన్నాను. ఏమీ లేదు. నా చెవి తప్పేమో, నువ్వొచ్చి చెబుతావని కూచున్నాను. నువ్వు పాడుతున్నాయన్నావు. కానీ నీ ముఖం అలా అనలేదు. మర్నాడు మూత తీశాను. ముద్దగా, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. తేనె పక్క చట్రంలోనే ఉంది. అరచెయ్యంత దూరం. చలికి అంత కూడా జరగలేకపోయాయి."

"మరి ఎక్కడ..."

"నీ లిండెన్ కింద పాతిపెట్టాను. నేను కొమ్మ నరికిన వైపు. మనుషుల్లాగే పోతాయన్నావు కదా."

"పైపన్నావు!"

"నువ్వు పన్ను నొప్పన్నావు."

"ఖాళీ పెట్టెకి చెవి పెట్టి గొంతు బొంగురన్నావు! నీకు చెముడని జాలిపడ్డాను నేను!"

"నాకు చెవులు బాగా వినిపిస్తాయి. ఆ పండగ రోజున దుప్పటి కింద నిజం మోత విన్నాను. చుట్టూ చూస్తే ఓ మేక, నీ ఆకుపచ్చ బూట్లేసుకుని. ఇంకేం చేయను? బండిని చెరువు చుట్టూ తిప్పించాను, గడ్డకట్టేదాకా. రెండు రోజులు జలుబు."

ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు భయం వేసింది. "అయితే నువ్వన్న మాట ప్రకారం... అవి దాటలేదు కదా" అన్నాను.

"దాటలేదు. అందుకే తెక్లెకి మూత తీసిన రోజునే ఫోన్ చేశాను."

నేను లేవబోయాను.

"ఇల్లు అమ్మనని చెప్పాను" అన్నాడు. "నన్ను ఇక్కడ ఉంచాలని ఓ మనిషి అబద్ధమాడింది, ఇక ఈగలు ఉంటేనేం, లేకపోతేనేం అన్నాను. అప్పట్నుంచీ అది రోజూ ఫోన్ చేసి ఆ మనిషెవరని అడుగుతోంది."

"వియ్యంకుల మధ్య అబద్ధాలుండకూడదు" అన్నాను, ఇంకేమనాలో తెలియక.

"మనం అప్పుడు వియ్యంకులం కాదుగా. ఈగలు పోయాయి, చుట్టరికం పోయింది, రూలు నీదే. వాళ్ళు పోయిన రోజు నుంచి నువ్వు మేకవై వచ్చిన రోజు దాకా మనం ఒకరికొకరం ఏమీ కాము. నువ్వు రావాల్సిన పని లేదు. నేను టీ పెట్టాల్సిన పని లేదు."

రోజూ వెళ్ళాను. రోజూ పెట్టాడు.

మార్చి 18

పొద్దున్నే కంచె దగ్గర సుత్తి చప్పుడు. చూస్తే రెండు పలకలు ఊడదీసి కీళ్ళు బిగిస్తున్నాడు. అడగలేదు, కొమ్మ నరికినప్పుడు కూడా అడగలేదు. నేను చెయ్యాల్సినంత గొడవ చేశాను. గొడవ చేస్తూ మేకులు అందించాను.

మధ్యాహ్నం అవతలికి వెళ్ళాను. మబ్బు పట్టి ఉంది, ఈగలు బయటికి రాలేదు, రావు కూడా.

ఈగల కోసం వెళ్ళలేదు.